బండికి కూడా రాత్రి చోటు కావాలి

తిరిగొచ్చి రెండు రోజులైంది. మర్చిపోకముందే రాసిపెట్టుకోవాలని కూర్చున్నాను. హనుమకొండ నుంచి భద్రాచలం, మారేడుమిల్లి, రాజమండ్రి, విజయవాడ చుట్టి మళ్లీ ఇంటికి. ఐదు రోజులు, నాలుగు రాత్రులు, ఇద్దరం, ఒకటే బుల్లెట్టు. నాతో వచ్చింది మా బావమరిది.

ఈ దారిలోని కొండల గురించి, గోదావరి గురించి చాలామంది రాశారు. నేను మాత్రం రాత్రిళ్లు బండి ఎక్కడ పెట్టామన్నదే ఎక్కువ రాస్తాను. దానికో కారణం ఉంది. 2017లో నేను, మా ఆవిడ ఒక పుణ్యక్షేత్రానికి బండి మీద వెళ్లాం. లాడ్జికి పార్కింగ్ లేదు. గేటు ముందు రోడ్డు పక్కన పెట్టమన్నారు. "ఇక్కడ రోజూ ఇరవై బండ్లు పెడతారు సార్, ఏం కాదు" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. పొద్దున దిగి చూస్తే బండి లేదు. స్టాండు కింద నేను పెట్టిన ఇటుక ముక్క మాత్రం ఉంది. నాన్న రిటైరైన డబ్బుతో కొనిచ్చిన బండి అది. ఎఫ్‌ఐఆర్ రాయించాను, కానీ ఆ ఏడాది నేను కట్టింది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే. దొంగతనానికి అది వర్తించదు. ఒక్క రూపాయి రాలేదు. బస్సులో ఇంటికొస్తుంటే మా ఆవిడ దారంతా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది.

అప్పటి నుంచి ఏ ఊరెళ్లినా రూము చూసేముందు బండి చోటు చూస్తాను.

జనవరి 17, శుక్రవారం: హనుమకొండ నుంచి భద్రాచలం

ములుగు దగ్గర గట్టమ్మ తల్లి గుడి ముందు ఆగాం. మేడారం వెళ్లేవాళ్లంతా ఇక్కడ ఆగి మొక్కి వెళ్తారు. కొబ్బరికాయ కొట్టి, ముందు చక్రానికి పసుపు కుంకుమ పెట్టాను. అక్కడి నుంచి ఏటూరునాగారం దాకా అడవి రోడ్డు. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి.

ఏటూరునాగారంలో దారి తప్పాం. మంగపేట, మణుగూరు వైపు తిరగాల్సింది, తిన్నగా పోయి ముల్లకట్ట వంతెన దగ్గర తేలాం. వంతెన మీద నుంచి గోదావరి ఎంత బాగుందో! ఇసుక తిన్నెల మధ్య సన్నగా, నీలంగా పారుతోంది. టీ కొట్టులో ఉన్న అక్కను అడిగితే "అవుతల నుంచి గూడ పోవచ్చు, వెంకటాపురం, చర్ల మీదికెళ్లి. కానీ ఇసుక లారీలకు రోడ్డు ఖరాబైంది. ఇద్దరు, ఇంత సామాను. వెనక్కి పోరాదు" అంది. ఆమె మాట విని వెనక్కి తిరిగాం. గంటన్నర పోయింది.

ఆ గంటన్నర వల్ల భద్రాచలం చేరేసరికి చీకటి పడింది. ఇదొక్కటి గట్టిగా చెప్తాను: కొత్త ఊరికి వెలుతురుండగానే చేరాలి. చీకట్లో ఏ లాడ్జి వెనకాల ఏముందో కనపడదు. అలసిపోయి ఉంటాం, ఎవరు ఏం చెప్పినా తలూపేస్తాం. మా బావమరిది మొదటి లాడ్జి దగ్గరే "బావా, ఇక్కడే పడుకుందాం, నడుం విరిగిపోతుంది" అన్నాడు. అక్కడా బండి రోడ్డు మీదే. నేను ఒప్పుకోలేదు. మూడోది గుడికి రెండు వీధుల అవతల దొరికింది. రూము 1,000.

దానికి సెల్లార్ ఉంది. ర్యాంపు మీద టైల్స్ వేశారు, పైగా అప్పుడే కడిగారు. సామానుతో కలిపి రెండు వందల కేజీలు దాటే బండిని తడి టైల్స్ మీద దింపితే ముందు బ్రేకు పట్టగానే జారుతుంది. సామానంతా విప్పి, ఇంజన్ ఆపి, ఫస్ట్ గేరులో ఉంచి, క్లచ్ కొద్దికొద్దిగా వదులుతూ దింపుదామని చూస్తుంటే వాచ్‌మన్ వచ్చాడు. అరవై దాటిన మనిషి, మెడకు మఫ్లరు.

"సెల్లార్ ఎందుకు సార్? ఇటు రండి" అని మెట్ల పక్కనున్న అరుగు చూపించాడు. నేల కంటే జానెడెత్తు, పైన రేకులు, పక్కనే ఆయన మంచం. గోడ మీద తన భుజం ఎత్తులో ఉన్న గీత ఒకటి చూపించాడు. "2022ల నీళ్లు ఇక్కడిదాకా వచ్చినయి. సెల్లార్ల ఉన్న రెండు బండ్లు నీళ్లల్లనే ఉండె."

భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. 1986లో అంతకంటే ఎక్కువ, 75.6 అడుగులు. జనవరిలో వరద రాదని ఆయనకూ తెలుసు. అయినా అప్పటి నుంచి ఏ కాలంలో వచ్చినా బండ్లవాళ్లను సెల్లార్లోకి పంపబుద్ధి కాదన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. బండి మీద బెంగ ఉన్న మనిషి దగ్గరే బండి పెట్టాలి.

రాత్రి చపాతీ, ఆలుగడ్డ కూర తిన్నాం, ఇద్దరికీ 140. వాచ్‌మన్‌కు ఒక టీ తెచ్చి ఇచ్చాను.

జనవరి 18, శనివారం: మారేడుమిల్లి

తెల్లవారుజామున రాముడి దర్శనం. శనివారమైనా గంటలో బయటికొచ్చాం. కిందికి దిగేసరికి బండి సీటు మీద మంచు నీళ్లు లేవు, వాచ్‌మన్ తన పాత దుప్పటి కప్పి ఉంచాడు. యాభై రూపాయలిస్తే మొహమాటపడి తీసుకున్నాడు.

ఊరు దాటిన కాసేపటికే ఆంధ్రా బోర్డు కనిపిస్తుంది. 2014లో పోలవరం ముంపు మండలాలను అటు కలిపారు కదా, అందుకే. చింతూరులో టిఫిన్. పూరీ బాగుంది, కూర పలచన. అక్కడే ట్యాంకు నింపుకున్నాం.

చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్ గురించి రాయడం నా వల్ల కాదు. మలుపు తిరిగిన ప్రతిసారీ వెదురు పొదలు మీద పడుతున్నట్టుంటుంది, ఎండ ముక్కలు ముక్కలుగా రోడ్డు మీద రాలుతుంది. హారన్ కొట్టకుండా ఒక్క మలుపూ తిరగకండి, అవతల లారీ ఉంటుంది.

మూడింటికల్లా చేరాం. చిన్న కాటేజీ, 1,500. బండి పెట్టడానికి వెనకాల ఖాళీ స్థలం ఉంది. కాంపౌండ్ లేదు, గేటు లేదు, నేల మెత్తటి మన్ను. సైడ్ స్టాండ్ వేసి వదిలేస్తే రాత్రి మంచుకి మన్ను ఇంకా మెత్తబడి స్టాండు దిగబడుతుంది, తెల్లారేసరికి బండి పడిపోయి ఉంటుంది. పలకరాయి ఒకటి వెతికి తెచ్చి దాని మీద డబుల్ స్టాండ్ వేశాం. వెనక చక్రంలోంచి గొలుసు దూర్చి పనస చెట్టుకు తాళం వేశాను. ముందు చక్రానికి డిస్క్ లాక్, అంటే బ్రేకు డిస్కుకు వేసే తాళం.

పక్కనే కాకినాడ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ల బండి ఉంది. ముందురోజు రాత్రి బ్యాగులో వేరుశనక్కాయలు ఉంచి పడుకున్నారట. ఎలుకలు బ్యాగుకు అరచేతంత బొక్క చేశాయి, పోతూ పోతూ సీటు కింద ఒక వైరు కూడా కొరికాయి. హెడ్‌లైటు వెలగడం లేదు. నా దగ్గరున్న ఇన్సులేషన్ టేపు ఇచ్చాను. కొండ ఊళ్లలో మనుషుల కంటే ఎలుకలు, కుక్కలు, కోతుల భయమే ఎక్కువ. తినే వస్తువు ఒక్కటి కూడా బండి మీద ఉండకూడదు. చాక్లెట్ కాగితం కూడా.

సాయంత్రం బొంగులో చికెన్. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకు బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వేయరు. కాలాక బొంగును ఆకులో బోర్లిస్తే వచ్చే వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. ఇద్దరికీ ఒక బొంగు, 400. మా బావమరిది "బావా, ఇంకొకటి చెప్పు" అన్నాడు. చెప్పాను.

రాత్రి కాపలాకు ఉన్నది కొండరెడ్డి తెగ కుర్రాడు, పాతికేళ్లుంటాయి. స్థలం మధ్యలో చలిమంట వేశాడు. బండికి దగ్గరవుతుందేమో అని నేను అనేలోపే తనే కట్టెల్ని పది అడుగులు అవతలికి లాగాడు. "పెట్రోలు వాసనొస్తే నేనే జరుపుతానండి" అన్నాడు. పదకొండింటి దాకా అక్కడే కూర్చున్నాం. బండి కళ్ల ముందు, ఒళ్లంతా వెచ్చగా. నాలుగు రాత్రుల్లో నేను నిజంగా నిశ్చింతగా నిద్రపోయింది గేటు కూడా లేని ఈ చోటే.

జనవరి 19, ఆదివారం: రాజమండ్రి

పొద్దున ఒక పొరపాటు జరిగింది. మా బావమరిది బండి తీస్తానన్నాడు. గొలుసు విప్పాడు, డిస్క్ లాక్ మర్చిపోయాడు. స్టాండు దింపి అడుగు కదిపేసరికి ముందు చక్రం టక్కున ఆగిపోయి బండి పక్కకు ఒరిగింది. ఇద్దరం పట్టుకోబట్టి సరిపోయింది. ఇంజన్ స్టార్ట్ చేసి కదిపి ఉంటే బ్రేకు భాగాలు దెబ్బతినేవి. కాపలా కుర్రాడు ఎర్ర గుడ్డపీలిక ఒకటి చింపి ఇచ్చాడు. అప్పటి నుంచి డిస్క్ లాక్ వేసిన ప్రతిసారీ ఆ పీలికను యాక్సిలేటర్‌కు కట్టాం. డిస్క్ లాక్ వాడేవాళ్లందరూ ఇలా చేస్తే బాగుంటుంది.

రంపచోడవరం, గోకవరం, కోరుకొండ మీదుగా మధ్యాహ్నానికి రాజమండ్రి. దేవీచౌక్ దగ్గర వన్‌వేలో చిక్కుకుని రెండుసార్లు అదే సందులో తిరిగాం. కోటగుమ్మం దగ్గర్లో హోటలు, 1,400. ఇక్కడ కౌంటర్లో మేనేజరు తనే లేచి వచ్చి సెల్లార్ చూపించారు. లైట్లు ఉన్నాయి, కెమెరా ఉంది. కెమెరా ఉందంటే సరిపోదు, అది ఎటు చూస్తోందో చూడాలి. ఇది ర్యాంపు వైపు చూస్తోంది, అంటే లోపలికొచ్చే, బయటికెళ్లే ప్రతి బండీ పడుతుంది. మంచిదే.

చిక్కు వాచ్‌మన్ దగ్గర వచ్చింది. "హ్యాండిల్ లాక్ వేయకండి సార్. రాత్రి కార్లొస్తే జరుపుకోవాలి కదండి."

ఆయన మాటలో న్యాయం ఉంది. ఇరుకు సెల్లార్, పది కార్లు పట్టాలి. కానీ లాక్ వేయని బండిని ఎవరైనా తోసుకుపోవచ్చు. ఆయనతో వాదించలేదు. "మీరు అసలు జరపక్కర్లేని చోటు ఏదైనా ఉందా అండి?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, లిఫ్టు గోడకీ స్తంభానికీ మధ్య సందు చూపించాడు. కారు పట్టదు, బండి సరిగ్గా పడుతుంది. హ్యాండిల్ లాక్ వేసి, స్తంభానికి గొలుసు కట్టాను. ఇద్దరికీ తృప్తి. సెల్లార్ ఉన్న హోటళ్లలో ఇలాంటి సందు ఒకటి ఉండనే ఉంటుంది, అడగాలంతే.

సాయంత్రం మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్ తాగి, పుష్కర ఘాట్‌కు వెళ్లాం. హారతి చూసి తిరిగొచ్చేసరికి పది దాటింది. సెల్లార్లో వేరే వాచ్‌మన్. డ్యూటీ మారిందట. మేం చెప్పిన మాటలేవీ ఈయనకు తెలియవు. మళ్లీ మొదటి నుంచి చెప్పి, బండి నంబరు, రూము నంబరు ఆయన నోటుబుక్కులో రాయించాను. రాత్రి పడుకునేముందు ఒకసారి కిందికి దిగి చూడటం నాకు అలవాటు, ఆ అలవాటు ఇక్కడ పనికొచ్చింది.

జనవరి 20, సోమవారం: విజయవాడ

ఆరింటికి బయల్దేరతామని చెప్పి పడుకున్నాం. నాకు ఐదింటికే మెలకువ వచ్చింది. సూర్యోదయం గోదావరి మీద చూడాలనిపించి బావమరిదిని లేపాను. కిందికెళ్తే మా సందుకు అడ్డంగా కారు. వాచ్‌మన్ తప్పేం లేదు, ఆరింటికల్లా తీయిస్తానని ఒప్పుకున్నాడు, మేమే ముందు వచ్చాం. ఆయన ఇబ్బంది పడుతూనే పైకి ఫోన్ చేశాడు. లుంగీ మీద స్వెట్టరు వేసుకుని ఒక పెద్దాయన దిగి వచ్చారు. నిద్ర చెడగొట్టినందుకు క్షమించమన్నాను. "పర్లేదండి, నాకూ ఒకప్పుడు బుల్లెట్టే ఉండేది" అని మా బండి ట్యాంకు మీద చెయ్యి వేసి నిమిరారు. కారు తీశాక కూడా వెళ్లలేదు, మేం ర్యాంపు ఎక్కేదాకా నిలబడి ఆ చప్పుడు విన్నారు.

కొవ్వూరు వైపు రోడ్డు కం రైలు వంతెన ఎక్కాం. 1974లో కట్టింది, పైన రోడ్డు, కింద రైళ్లు. నాలుగు కిలోమీటర్ల పొడవు. సరిగ్గా మధ్యలో ఉండగా కింద నుంచి రైలు వెళ్లింది. హ్యాండిల్ సన్నగా వణికింది. వెనకాల ఎర్రగా సూర్యుడు, నీళ్ల మీద పడవలు. ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

తాడేపల్లిగూడెం, ఏలూరు మీదుగా విజయవాడ. జాతీయ రహదారి మీద టూవీలర్లకు టోల్ లేదు, పక్క సందులోంచి వెళ్లిపోవచ్చు. ఏలూరులో భోజనం చేశాం, 120కి అరిటాకు వేసి పెట్టారు. గోంగూర రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. వడ్డించే ఆయన మూడోసారి అడగకుండానే వేశాడు.

విజయవాడలో గవర్నర్‌పేట వైపు లాడ్జీలు వెతికాం. మొదటి చోట "గేటు ముందు పెట్టండి, ఏం కాదండి" అన్నారు. ఆ మాట వినగానే నాకు కాళ్లు ఆడలేదు. ఎనిమిదేళ్లైనా ఆ ఇటుక ముక్కే కళ్ల ముందుకొచ్చింది. బావమరిది నా మొహం చూసి, "పద బావా, ఇంకోటి చూద్దాం" అని తనే సామాను ఎత్తుకున్నాడు. రెండో చోట సెల్లార్ ర్యాంపు నిట్టనిలువుగా ఉంది.

మూడో లాడ్జిలో కౌంటర్ దగ్గరున్నామె మేం అడగకముందే చెప్పింది. "మాకు పార్కింగ్ లేదండి. రోడ్డు మీద పెట్టమని నేను చెప్పను. రైల్వే స్టేషన్ స్టాండులో పెట్టి రండి, రాత్రంతా మనుషులుంటారు." రూము 1,100. అక్కడే దిగాం. పార్కింగ్ లేదని నిజం చెప్పే లాడ్జి, ఉందని బుకాయించే లాడ్జి కంటే వంద రెట్లు నయం.

స్టేషన్ స్టాండులో గంటల లెక్క. రాత్రికి హెల్మెట్లతో కలిపి 60 అయింది. హెల్మెట్‌కు వేరే డబ్బులు తీసుకుంటారు, మోసుకుపోకుండా అక్కడే ఇవ్వడం మంచిది. బ్యాగులు మాత్రం ఏవీ వదలకూడదు. స్లిప్ ఫోటో తీసి ఉంచుకోమన్నాడు స్టాండు అబ్బాయి. స్లిప్ పోతే ఆర్‌సీ చూపిస్తే గానీ బండి ఇవ్వరు. ఆ మాట విన్నాక ధైర్యం వచ్చింది. వందల బండ్ల మధ్య ఒక స్తంభం పక్కన మా బండి పెట్టి, సామాను భుజాన వేసుకుని పది నిమిషాలు నడిచాం. బస్సులు, రైళ్లు ఉన్న ఊళ్లలో ఇకనుంచి నేను ముందు స్టాండు ఎక్కడుందో చూసి, తర్వాతే లాడ్జి చూస్తాను.

జనవరి 21, మంగళవారం: ఇంటికి

గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిన్నాం. వేడి ఇడ్లీ మీద వెన్న కరిగిపోకముందే కారప్పొడి అద్దుకుని తినాలి. స్టాండుకు వెళ్లి స్లిప్ ఇచ్చి బండి తీసుకున్నాం. పెట్టిన చోటే, పెట్టినట్టే ఉంది. ఎర్ర పీలిక విప్పి, డిస్క్ లాక్ తీసింది మా బావమరిదే.

ఖమ్మం దాకా ఎండ, ఆ తర్వాత చల్లగాలి. మహబూబాబాద్ దగ్గర టీ. మొత్తం 830 కిలోమీటర్లు పైనే తిరిగాం. పెట్రోలుకు 2,800, రూములకు 5,000, వాచ్‌మన్లకు, స్టాండుకు కలిపి 260. ఈ 260 ఎప్పుడూ లెక్కలో ముందే వేసుకుంటాను.

మా అపార్ట్‌మెంట్ చేరేసరికి ఏడైంది. గేటు తీసింది మా వాచ్‌మన్ తాత. బండి చప్పుడు దూరం నుంచే గుర్తుపట్టాడట. బ్యాగులోంచి రాజమండ్రిలో కొన్న ఆత్రేయపురం పూతరేకుల పెట్టె తీసి ఆయన చేతిలో పెట్టాను. పెట్టె పక్కన పెట్టి, ముందు భుజం మీది తువ్వాలుతో ట్యాంకు మీది దుమ్ము తుడిచాడు.

"ఇగ మీరు పోయి పండుకోండ్రి సారూ, నేనున్న" అన్నాడు.